ఫరవాలేదు

నటన యనగా లేనిదానిని ఉన్నట్లుగా జూపుట. కన్నీరు నిజముగా రావచ్చును గాని దుఃఖము నిజము కానక్కరలేదు. కత్తి మెరయవచ్చును గాని దానికి పదు నుండనక్కరలేదు. రంగస్థలముమీద చచ్చిపడినవాడు తెర దిగిన వెంటనే లేచి, ముఖమునకు బూసిన రంగు కడిగికొని, అందరితో గూడ అన్నమునకు గూర్చుండుటయే యీ విద్య యొక్క ధర్మము. ఆ ధర్మము తప్పిననాడు అది నటన గాదు, ప్రమాదము. ఇంత సులభమైన సంగతిని చెప్పుట కొక వ్యాస మెందులకని చదువరు లడుగవచ్చును. మేమును నిరుడు ఆషాఢమాసము వరకు అట్లే తలచియుంటిమి.

చలనచిత్రము తీయుట ఒకప్పుడు లక్షలు గలవారికే సాధ్యమైన పని. నేడు జేబులో నిమిడెడి ఫోనుతోనే కళాశాల విద్యార్థులు పది పండ్రెండు నిమిషముల చిత్రములు తీసి లోకమునకు జూపుచున్నారు. ఇది మంచి కాలము. చెప్పవలసిన మాట గలవానికి చెప్పు సాధనము చౌకగా లభించుట కంటె సంఘసంస్కరణమునకు గావలసిన దేమున్నది? అందుచేత మా చెల్లెలి మనుమడు హైదరాబాదున ఈ విద్య నభ్యసించుచు, పరీక్షకై తీయవలసిన చిత్రమును మా యూర దీసెదనని వ్రాసినపుడు మేము మిక్కిలి సంతోషించితిమి. జూలైలో అతడు తొమ్మండుగురు సహాధ్యాయులతో మా యింట దిగెను. వారికి వండిపెట్టుట మా యిల్లాలి వంతు; మామగారి పాత్ర ధరించుట మా వంతు.

కథ వారే వ్రాసికొనిరి. కట్నము చాలలేదని అత్తవారు పెట్టు బాధల నోర్వలేక ఒక కోడలు తెల్లవారుజామున బిందె చంకబెట్టుకొని కాలువ రేవునకు వచ్చును, మెట్టు మెట్టుగా నీటిలోనికి దిగును, మునుగబోవును, అంతలో మనసు మరలి గట్టెక్కును, అత్తవారింటికి గాక బస్సులు నిలుచు చోటికి తడిబట్టలతోనే నడచిపోవును. కథ మాకు నచ్చినది. పూర్వపు కథలలో ఇట్టి కోడండ్రు నూతిలో బడి చచ్చెడివారు; చదువరులు కన్నీరు గార్చెడివారు; ఇండ్లలో నేమియు మారెడిది కాదు. ఈ పిల్ల బ్రదికి బస్సెక్కుట మాకు గొప్పగా దోచెను. మామగారి పాత్రలో మేము చేయవలసిన దొక్కటే: అరుగుమీద పడకకుర్చీలో గూర్చుండి, పత్రిక చదువుచు, కోడలు ఏడ్చుచు పోవుచుండగా చూచియు చూడనట్లుండుట. ఆ పాత్రను మేము చిత్రములో కంటె వెలుపలనే యెక్కువ నేర్పుతో నటించితిమని యిప్పుడు సిగ్గుతో వ్రాయుచున్నాము.

మా యూరు కోనసీమలో కాలువ గట్టుమీద నున్నది. ఆ కాలువను గూర్చి కొంచెము చెప్పవలెను. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి గోదావరి డెల్టా కాలువలకు ఒక యేటి నియమము గలదు. వేసవిలో పంట చేతికి వచ్చిన పిదప కాలువలను కట్టివేయుదురు. పూడిక తీయుట, లాకులు, గట్లు బాగుచేయుట అప్పుడు జరుగును. తొలకరికి మరల నీరు వదలుదురు. మా మనుమడు మే నెలలో సెలవులకు వచ్చి స్థలము చూచిపోయెను. అపుడు కాలువ అడుగున పిల్లలు క్రికెట్టు ఆడుచుండిరి. అక్కడక్కడ మడుగులలో నిలిచిన నీరు చీలమండలు దాటలేదు. రేవు మెట్లు పదునాలుగు. అతడు వానిని లెక్కించి, ఫోనులో బొమ్మలు దీసికొని, ఎచట నెవరు నిలువవలెనో కాగితముమీద గీసికొని పోయెను. స్థలము ముందుగా చూడలేదని అతని నెవరును నిందింపజాలరు. కాని జూలైలో ఆ పదునాలుగు మెట్లలో ఎనిమిది నీటిక్రింద నుండెను. నీరు ఎఱ్ఱగా, వడిగా బారుచుండెను. మునిగిన మెట్లమీద పాచి పట్టియుండెను. చివరి మెట్టున కవతల నిలువులోతు. మే నెలలో చూచిన రేవు జూలైలో ఆ రేవు గాదు. ఈ సంగతి మా యూర పసివాడెరుగును. మేము డెబ్బదేండ్లుగా నెరుగుదుము. వారు మమ్ము నడుగలేదు. మేము చెప్పలేదు. మేము తెల్లచొక్కాకు ఇస్త్రీ చేయించుకొనుటలో నుంటిమి.

ఆ దినము తెల్లవారుజామున మూడు గంటలకు లేచితిమి. పిల్లలు పండుకొన్నది అర్ధరాత్రి దాటిన తరువాత. ఎవరును ఏమియు దినలేదు. కాఫీ మాత్రము త్రాగిరి. సూర్యోదయమునకు ముందుండు నీలపు వెలుతురు కొద్ది నిమిషములకు మించి నిలువదు గనుక అందరును తొందరపడుచుండిరి. తొందర యెచట నుండునో అచట ప్రశ్నలు కురుచయగును. కోడలి పాత్ర ధరించిన బాలిక వారి తరగతిలోనిదే, ఇరువది యేండ్లది, నగరమున బుట్టి పెరిగినది. మా మనుమడు ఆమెను "నీకు ఈత వచ్చా?" అని యడుగలేదు. "ఫరవాలేదు కదా?" అని యడిగెను. ఆమె "ఫరవాలేదు" అనెను. ప్రశ్నలోనే జవాబు నుంచి చేతికందించినపుడు, దానిని తిరిగి యిచ్చివేయుట తప్ప ఎదుటివా రేమి చేయగలరు? బిందెను బట్టుకొన్న ఆమె వ్రేళ్ళు బిగిసి తెల్లబడియుండుట మేము చూచితిమి. చలి కాబోలు ననుకొంటిమి. జూలైనెలలో కోనసీమలో చలి యెక్కడిది?

రేవున అప్పటికే ఒక పెద్దామె బట్టలుతుకుచుండెను. చిత్రములో గనబడకుండ ప్రక్కకు జరుగుమనియు, చప్పుడు చేయవద్దనియు పిల్ల లామెను మర్యాదగానే వేడిరి. ఆమె మూట జరుపుకొని, "అమ్మాయిగారూ, నాలుగో మెట్టు దాటకండి, కింద పాచి ఉందండి" అనెను. మాటలను, చప్పుళ్ళను పట్టుకొను యంత్రము కడ నున్న కుర్రవాడు పెదవులమీద వ్రేలుంచుకొనెను. ఆమె ఊరకుండెను.

మొదట బాలిక మోకాలిలోతు వరకు దిగెను. బాగున్నదనిరి, "ఇంకొక్క మెట్టు" అనిరి. నడుములోతు వరకు దిగెను. "ఇంకొక్క మెట్టు" అనిరి. మొదటనే ఎదలోతు నీటిలోనికి బొమ్మని యెవరైన జెప్పియున్నచో ఆమెయు గాదనియుండును, మేమును గాదనియుందుము. అపాయము మెట్టు మెట్టుగా వచ్చునపుడు ఏ మెట్టువద్ద గాదనవలెనో తెలియదు. ఆ తరువాతి మెట్టున ఆమె కాలు జారెను. తడిసిన చీర కాళ్ళకు జుట్టుకొన్నచో త్రాడువలె బిగియును. ఆమె మునిగెను, చేతులు పైకి వచ్చెను, తల వెనుకకు వాలెను, నోరు తెరచుకొనెను, కేక రాలేదు. నీట మునుగువారు కేకలు వేయుదురని కథలలో జదువుదుము. నిజమునకు ఊపిరి తీసికొనుటకే చాలని నోరు కేకకు చాలదు. బిందె దొరలి ప్రవాహమున బడి పోయెను. గట్టుమీద పదిమందిమి నిలిచియుంటిమి. ఒక్కరును కదలలేదు. కెమెరా నడచుచునే యుండెను. "ఎంత సహజముగా నటించుచున్నది!" అని మేము లోలోన మెచ్చుకొంటిమి. ఈ వాక్యమును వ్రాయుటకు మాకు సంవత్సరము పట్టినది.

ఆ పెద్దామె మాత్రము చిత్రమును చూచుటలేదు, నీటిని చూచుచుండెను. "ఓరి నాయనో, పిల్ల మునిగిపోతందండీ!" అని యరచి, తా నుతుకుచున్న చీర యొక చెరగు చేతికి జుట్టుకొని, రెండవ చెరగు నీటిలోనికి విసరెను. అది బాలిక చేతికి దగిలెను, ఆమె పట్టుకొనెను. అప్పుడు గాని మా కాళ్ళకు బ్రాణము రాలేదు. తరువాత కెమెరాలో జూచుకొన్నపుడు, కాలు జారుటకును చీర చేతి కందుటకును నడుమ పదునొకండు సెకనులు గడచినవని తెలిసినది.

బాలికను పట్టణమునకు దీసికొనిపోయి వైద్యునిచేత బరీక్ష చేయించితిమి. నీరు మ్రింగినవారు పైకి కులాసాగా గనబడినను ఊపిరితిత్తులను చూపించుకొనుటయే మంచిది. దైవానుగ్రహమున నేమియు గాలేదు. సాయంకాలము ఆమె మా వంటయింటి గుమ్మమున గూర్చుండియుండగా మా యిల్లాలు తల యారబెట్టుచు నడిగెను.

"ఈత రాదని ముందే ఎందుకు చెప్పలేదు, తల్లీ?"

"అందరూ అంత దూరం నుంచి వచ్చారు, అమ్మమ్మగారూ. నా ఒక్కదాని వల్ల ఆగిపోతే బాగుండదని..."

"మీ కథలో కోడలికి పుట్టింటినుంచి ఫోను వస్తుందిగా. అప్పుడు ఏమంటుంది?"

బాలిక కొంతసేపు మాటాడలేదు. పిదప, "ఫరవాలేదు, బాగానే ఉన్నాను అంటుంది" అనెను.

మేము నడవలో గూర్చుండి వింటిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మన యిండ్లలో ఆడపిల్లలకు మొదట నేర్పు మాట యిదియే గదా! అన్నము చాలకున్నను ఫరవాలేదు. జ్వరము వచ్చినను ఫరవాలేదు. చదువు మానిపించినను ఫరవాలేదు. ఒకరి మూలమున పని యాగుటయే మహాపరాధమనియు, ఒకరు తమ భయమును మ్రింగుకొనుట సుగుణమనియు మనము నేర్పితిమి. ఆ నేర్పును ఖండించుటకై చిత్రము తీయవచ్చిన పిల్లలే దానిమీద నాధారపడి చిత్రము తీసిరి. వారు దుర్మార్గులు గారు. అరుగుమీది మామగారు పత్రిక చదువుచుండగా వారికి వేరు దారి చూపువారెవరు?

ఇది విద్యార్థుల కొక్కరికే కలుగు లోపము గాదు. కోట్లు వెచ్చించువారియందును ఇదియే మాట వేరు వేరు రూపముల దాల్చి ప్రాణములు దీసినది. 2014 ఫిబ్రవరి 20వ తేదీని అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఒక చిత్రబృందము పట్టాలమీద చిత్రించుటకు రైలు కంపెనీ యనుమతి లేకయే రైలు వంతెనమీద మంచము వేసి దృశ్యము దీయుచుండెను. రైలు వచ్చెను. కెమెరా సహాయకురాలైన ఇరువదియేడేండ్ల సారా జోన్సు మరణించెను. ఆ చిత్ర దర్శకుడు 2015లో నేర మొప్పుకొని కారాగారమునకు బోయెను. 2016 నవంబరు 7వ తేదీని బెంగళూరు సమీపమున తిప్పగొండనహళ్ళి జలాశయమున ఒక కన్నడ చిత్రమునకై ఇద్దరు నటులు హెలికాప్టరునుండి నీటిలోనికి దుమికి, మరల పైకి రాలేదు. వారి యొంటిమీద తేలుటకు దగిన కవచములు లేవు. 2021 అక్టోబరు 21వ తేదీని న్యూమెక్సికోలో, తూటా లేదని చెప్పి నటుని చేతి కందించిన తుపాకి ప్రేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్సు మరణించెను. తూటా లేదనిన ఆ మాట యేమి? అదియు మన "ఫరవాలేదు" వంటిదే. విప్పి చూపక, చూడక, నోటితో మాత్రము చెప్పిన అభయము.

నీటి విషయమున మన తెలుగువారికి మరి యొక గాయము గలదు. 2014 జూన్ 8వ తేదీని హైదరాబాదునుండి విహారయాత్రకు బోయిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల ప్రదేశమున బియాస్ నదిలో రాళ్ళమీద నిలిచి ఫొటోలు దీసికొనుచుండిరి. ఎగువ నున్న లార్జి ఆనకట్టనుండి నీరు వదలిరి. ఇరువదినలుగురు విద్యార్థులు కొట్టుకొనిపోయిరి. వారు చూచిన నది వేరు, క్షణములో వచ్చిన నది వేరు. మా కాలువ చెప్పిన పాఠమును ఆ నది అంతకు ముందే, ఎంతో వెల దీసికొని, చెప్పియుండెను. మేము వార్త చదివి కన్నీరు పెట్టుకొంటిమి, పాఠము చదువలేదు.

మరునాడు చిత్రీకరణ మాని అందరమును అరుగుమీద గూర్చుంటిమి. మా యిల్లాలు ఆ పెద్దామెను గూడ బిలిపించి పిల్లల సరసనే కుర్చీ వేయించెను. మా మనుమడు మొదట ఆ బాలికకును, పిదప ఆ పెద్దామెకును క్షమాపణము జెప్పుకొనెను. ఆ పిమ్మట మేమును జెప్పుకొంటిమి. పెద్దామె నవ్వి, "నేను చెప్పాను కదండి, బాబుగారూ" అని మాత్ర మనెను. అంతకంటె గొప్ప విమర్శ మేము వినలేదు. అటుపిమ్మట ఒక నోటుపుస్తకమున కొన్ని నియమములు వ్రాసికొంటిమి. ఇండ్లలో చిత్రములు దీయు పిల్లలు గల చదువరుల కుపయోగపడునని వానిని ఇచట దెలుపుచున్నాము.

మొదటిది: దర్శకుడు గాక వేరొకరు, ఆ దినమున మరి యే పనియు లేనివారు, అపాయమును మాత్రమే కనిపెట్టియుండవలెను. దర్శకుని కన్ను దృశ్యముమీద నుండును. అది అతని ధర్మము. రెండు ధర్మములు ఒక కంటికి అప్పగింపరాదు. ఆ రెండవవారు "ఆపు" అన్నచో కారణ మడుగక ఆపవలెను. నటులకును, దీపము బట్టుకొన్నవానికిని, గట్టుమీద బట్టలుతుకు నామెకును గూడ ఆపు నధికార ముండవలెను.

రెండవది: నటనకును నిజమైన ఆపదకును భేదము తెలుపు గుర్తు ముందుగా నేర్పరచుకొనవలెను. కథలో "రక్షించండి" అను మాట యున్నపుడు ఆ మాటచేత రక్షణము కోరుట సాధ్యము గాదు. మా పిల్లలు ఎదుటివాని అసలు పేరు పెట్టి పిలుచుట గుర్తుగా నుంచుకొనిరి. నోరు తెరువజాలని చోట పిడికిలి బిగించి తలపై నుంచుట గుర్తు. నటుడు కొంతకాలము ఏ గుర్తును చేయకున్న యెడల ఆపి చూడవలెను గాని, బాగుగా నటించుచున్నాడని సంతోషింపరాదు.

మూడవది: స్థలమును ఆ దినమున, ఆ గంటకు మరల చూడవలెను. ఆ స్థలమున నిత్యము పనిచేయువారి నడుగవలెను. కాలువయైన రేవునందలివారిని, మేడకప్పైన తాపీవానిని, విద్యుత్తైన లైనుమనిషిని. వానలో తడినేలమీద దీపములకు దీగెలు పరచరాదు. రైలు పట్టాలమీదికి అనుమతి లేక పోవుట 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము నేరము; చిత్రము బాగుగా వచ్చునన్నది రైలునకు దెలియదు.

నాలుగవది: ఆయుధములు. తుపాకి యన్నది నిజమైనదైనను, ఉత్తమందుతో ప్రేలునదైనను విద్యార్థుల చిత్రమున నుండదగదు. కొయ్యతోగాని రబ్బరుతోగాని చేసిన బొమ్మ చాలును. చప్పుడును, పొగయు తరువాత జేర్చవచ్చును. బొమ్మ తుపాకిని బట్టుకొని వీథిలో తిరుగవలసి వచ్చినచో ముందుగా పోలీసుఠాణాలో దెలుపవలెను. దారిన బోవువారికి అది బొమ్మయని తెలియదు. ఉరి దృశ్యమున మెడకు నిజముగా ఉచ్చు బిగించుట పరిహాసమునకైనను కూడదు.

ఐదవది: తాకుట. మా కథలో అత్తగారు కోడలిని చెంపదెబ్బ కొట్టు ఘట్టము గలదు. అది నిజముగా దగిలిన గాని ముఖమున బాధ రాదని ఒక కుర్రవాడు వాదించెను. చేయి ముఖమునకు జానెడు దూరమున బోవునట్లును, కెమెరా ప్రక్కనుండి చూచుటచే తగిలినట్లు కనబడునట్లును, చప్పుడు వేరుగా జేర్చునట్లును ఏర్పరచి చూపగా అతడే యొప్పుకొనెను. కొట్టుటయైనను, కౌగిలించుటయైనను, ఎచట దాకుదురో, ఎచట దాకరో ముందు రోజుననే, తొందర లేనపుడు, ఇంకొక స్త్రీ యెదుట మాటాడుకొని వ్రాసికొనవలెను. ఆ దినమున వ్రాసినదానికి మించి ఒక్క వ్రేలును చేర్చరాదు. తగ్గించుకొను స్వాతంత్ర్యము మాత్రము నటులకు చివరి క్షణము వరకు నుండును.

ఆరవది: నిద్రయు, అన్నమును. నాలుగు గంటలు నిద్రించి, ఉపవాసముతో వచ్చిన పదిమందిలో వివేకము పాలు తక్కువ. రాత్రి చాల ప్రొద్దుపోయిన పిమ్మట ఎవరిని తమ బండి తామే నడపుకొని పోనీయరాదు. పిల్లలు నటించునపుడు మరింత జాగ్రత్త వలయును. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టమును, 2017 నాటి నియమములును పిల్లలచేత దినమునకు 5 గంటలకు మించియు, విరామము లేక 3 గంటలకు మించియు పని చేయింపరాదనుచున్నవి. జిల్లా మేజిస్ట్రేటు అనుమతియు గావలెనని చెప్పుచున్నవి. మా యెదురింటి పిల్లవానిని బిందె నందిచ్చు పాత్రకు దీసికొనియుండిరి. ఈ సంగతి తెలిసికొని ఆ పాత్రను మా యిల్లాలికి మార్చిరి.

చివరిది మా యిల్లాలు చెప్పినది: "ఫరవాలేదు కదా?" అని యెవరును అడుగరాదు. "నీకు ఈత వచ్చునా? ఎంతలోతు వరకు దిగగలవు? దిగకున్నచో వేరు విధముగా దీయుదుము, ఏది యిష్టము?" అని యడుగవలెను. కాదనుటకు వీలైన ప్రశ్నకు వచ్చిన ఔననుటయే ఔననుట. అదియు నలుగురి యెదుట గాక వేరుగా నడుగవలెను. పాత్ర పోవునను భయము గాని, మార్కులు పోవునను భయము గాని లేకుండ నడుగవలెను.

ఇన్ని నియమములు పెట్టుకొన్నచో చిత్రము చప్పబడునని మేము లోలోన జంకితిమి. రెండు దినముల పిదప అదే రేవున ఆ దృశ్యమును మరల దీసిరి. బాలిక రెండవ తడిమెట్టు దాటలేదు. ఆ మెట్లను కొబ్బరిపీచుతో తోమించి పాచి తీసివేసిరి. ఆమె నడుమునకు చీరలోపల త్రాడు గట్టి, ఈత నేర్చిన యిద్దరు జాలరి యువకులు పట్టుకొని యుండిరి. లారీ ట్యూబొకటి గాలి నింపి మెట్లమీద నుంచిరి. పెద్దామె కుర్చీలో గూర్చుండెను. కెమెరా బాలిక పాదములను జూచెను. పిదప ముఖమును జూచెను. పిదప ఖాళీ బిందె యొక్కటి నడికాలువలో తేలిపోవుటను జూచెను. మునుగునట్టి ముఖమును మా పెరటిలో, గోళెములోని నీటిని చెంబుతో మీద బోయుచు, ఆమె కుర్చీపై గూర్చుండియుండగా దీసిరి. వీనినన్నిటిని కూర్చి చూపినపుడు మా యిల్లాలు ఎదమీద చేయి వైచుకొనెను. చూచువాని మనసే కాలువను లోతు చేయును. నటి లోతునకు దిగవలసిన పని లేదు. చలనచిత్ర మను విద్య పుట్టినదే యిందుకొరకు గదా!

ఇంకొక చిక్కు మిగిలియుండెను. ఆ పదునొకండు సెకనులు కెమెరాలో నుండెను. చిత్రమును కూర్చు విద్యార్థి యొకడు దానిని చూచి, "ఇలాంటిది మళ్ళీ తీయలేం. ఎలాగూ జరిగిపోయింది, ఆమెకు ఏమీ కాలేదు. వాడుకుంటే తప్పేమిటి?" అనెను. అది అద్భుతముగా నున్నదన్న మాట నిజము. మా మనుమడు చాలసేపు చూచి, బాలికను బిలిచెను. మేము నడవలోనే యుంటిమి. అతడు సంగతి చెప్పెను. ఆమె అలవాటుచొప్పున, "ఫరవాలేదు, వాడుకో" అనెను.

అతడు తల యూచి, "ఆ మాట ఇక నేను తీసుకోను. వద్దు అనడానికి నీకు కారణం అక్కర్లేదు. రేపు చెప్పు" అనెను.

మరునా డుదయము ఆమె కాఫీగ్లాసు చేత బట్టుకొని అరుగుమీదికి వచ్చి, "వద్దు" అనెను. కారణము చెప్పలేదు. ఎవరు నడుగలేదు. అతడు ఆమె యెదుటనే దానిని తుడిచివేసెను.

చిత్రము ముగిసినది. దానికి బహుమాన మేమియు రాలేదు. పరీక్షలో మాత్రము కృతార్థులైరి. చివర వచ్చు పేర్లలో "రక్షణ" అని యొక పంక్తి గలదు. అందు ఆ పెద్దామె పేరున్నది. మామగారి పాత్రధారి పేరు ఎప్పటివలెనే పెద్ద యక్షరములలో నున్నది. దానిని చూచినపుడెల్ల మాకు తెల్లబడిన యా వ్రేళ్ళు జ్ఞాపకమునకు వచ్చును.

చదువరులారా, మీ యింటి పిల్లలు చిత్రము తీయబోవుచున్నామని చెప్పిననాడు సంతోషింపుడు, వలదని చెప్పకుడు. కథ యేమని యడుగుడు. దానితోబాటు ఇంకొక ప్రశ్నయు నడుగుడు: "ఆపమని చెప్పవలసినవా రెవరు?" అని. వారికి జవాబు దోచనిచో ఆ దినమున పత్రిక మడిచిపెట్టి, వారితో గూడ రేవునకు బొండు.